మనవలు పెద్ద జబ్బు నుంచి బయటపడ్డాక: అమ్మమ్మలు, నానమ్మలు, తాతయ్యలు తరచుగా అడిగే ప్రశ్నలు

మా మనవరాలికి 6వ ఏట బ్లడ్ క్యాన్సర్ వచ్చింది. అందులో ఆ రకాన్ని డాక్టర్లు ఏఎల్‌ఎల్ అంటారు. పిల్లల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే క్యాన్సర్ అదే. చికిత్స రెండున్నరేళ్లు సాగింది. ఇప్పుడు దానికి 11 ఏళ్లు, జడ వేయించుకోవడానికి ఒక్కచోట కుదురుగా కూర్చోదు. ఆ రోజుల్లో హాస్పిటల్ వరండాల్లో పరిచయమైన పెద్దవాళ్లు, తర్వాత ఆ నోటా ఈ నోటా నా సంగతి విని ఫోన్ చేసినవాళ్లు అడిగిన ప్రశ్నలివి. నేను డాక్టర్ని కాను. వైద్యం సంగతులు డాక్టర్లను, కౌన్సెలర్లను అడిగి తెలుసుకున్నాను. మిగతావి పడి తెలుసుకున్నాను.

పిల్లకు తగ్గిపోయింది. ఇంట్లో అందరూ సంతోషంగా ఉన్నారు. నాకు ఇప్పుడెందుకు ఏడుపొస్తోంది?

అందరికంటే ఎక్కువమంది అడిగేది ఇదే. అదీ గొంతు తగ్గించి, కాస్త సిగ్గుపడుతూ అడుగుతారు.

జబ్బు ఉధృతంగా ఉన్నప్పుడు మనకు ఏడవడానికి తీరిక ఉండదు. ఇల్లు చూడాలి, రెండో పిల్లాణ్ని స్కూలుకు పంపాలి, హాస్పిటల్‌కి బట్టలు సర్దాలి, ఫోన్ చేసిన ప్రతివాళ్లకూ జవాబు చెప్పాలి. భయం వేసినప్పుడు ఒంట్లో ఊరే అడ్రినలిన్, కార్టిసాల్ లాంటి హార్మోన్లు మనిషిని పరుగులు పెట్టిస్తూనే ఉంటాయి. గండం గడిచాక ఆ పరుగు ఆగుతుంది. కాళ్లు ఎంత నొప్పి పుడుతున్నాయో అప్పుడు తెలుస్తుంది.

మా పిల్ల ఆఖరి మాత్ర మింగిన రోజు ఇంటిల్లిపాదీ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. మూడో రోజు బీరువా సర్దుతుంటే అడుగున ఒక ఊలు టోపీ దొరికింది, జుట్టు ఊడిపోయినప్పుడు పెట్టుకున్నది. లోపలి అంచుకి రెండు సన్నటి వెంట్రుకలు ఇంకా అంటుకునే ఉన్నాయి. ఆ టోపీ పట్టుకుని నేల మీద కూలబడి ఎంతసేపు ఏడ్చానో నాకే తెలీదు. అది ఆ సమయంలో పక్క గదిలో మంచం మీద గెంతుతోంది.

మీకేమీ పిచ్చి పట్టలేదు. అప్పట్లో పక్కన పెట్టిన ఏడుపు ఇప్పుడు బయటికొస్తోంది, అంతే. చాలామందికి కొన్ని వారాల్లోనో, కొన్ని నెలల్లోనో ఇది తగ్గుముఖం పడుతుంది. పట్టకపోతే ఏం చేయాలో కింద రాశాను.

కన్నవాళ్లు వాళ్లు. మధ్యలో నా బాధ ఏం లెక్క?

పెద్దవాళ్ల బాధకు రెండు పేటలుంటాయి. ఒకటి మనవరాలి కోసం, ఇంకొకటి కన్నబిడ్డ కోసం. మధ్యలో ఇన్‌ఫెక్షన్ వచ్చి పిల్లను నాలుగు రోజులు ఐసీయూలో ఉంచారు. మా అమ్మాయి బయట కుర్చీలో ముడుచుకుని పడుకుంది. నా కళ్లకు మాత్రం జ్వరమొస్తే నా ఒళ్లోంచి దిగని ఆ చిన్నప్పటి పిల్లే కనిపించింది. దాని బిడ్డ నొప్పిని అది తీయలేదు, దాని నొప్పిని నేను తీయలేను.

పరామర్శకు వచ్చినవాళ్లు "మీ అమ్మాయి తట్టుకుంటోందా?" అని అడుగుతారు. "మీరెలా ఉన్నారు?" అన్నవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. చుట్టూ ఉన్నవాళ్లు దుఃఖంగా గుర్తించని ఇలాంటి దుఃఖానికి కెన్నెత్ డోకా అనే అమెరికన్ ఆచార్యుడు 1989లోనే ఒక పేరు పెట్టాడట. ఆ సంగతి కౌన్సెలర్ నోట విన్నప్పుడు, నాలాంటివాళ్లు లోకంలో ఇంకా ఉన్నారన్నమాట అనిపించి కొంచెం తెరిపిన పడ్డాను.

"ఆ జబ్బేదో నాకు రావచ్చుగా, ఇంత వయసు వచ్చినదాన్ని" అని రోజూ అనుకుంటాను. తప్పా?

తప్పేమీ లేదు. "నా ఆయుష్షు కూడా పోసుకుని బతుకు" అని దీవించేవాళ్లం మనం, ఆ మాట మన నోట్లో పుట్టిందే. మనకంటే చిన్నవాళ్లకు ముందు ప్రాణం మీదికొస్తే లోకం తలకిందులైనట్టు ఉంటుంది. అయితే ఆ మాట పిల్ల వినేలా పదే పదే అనకండి. తన వల్లే అమ్మమ్మ చచ్చిపోవాలనుకుంటోందని పిల్లలు నిజంగానే నమ్మేస్తారు. ఇక, ఆ కోరిక "నేను పోతే బాగుండు" అనే దారిలోకి తిరిగితే అది వేరే సంగతి. దాని గురించి కింద విడిగా ఉంది, తప్పకుండా చదవండి.

ఇది మా వైపు నుంచి వచ్చిందా? బంధువుల్లో అప్పుడే గుసగుసలు మొదలయ్యాయి.

ఈ ప్రశ్నకు తెలిసిన సమాధానాలున్నాయి కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

పిల్లలకు వచ్చే క్యాన్సర్లలో చాలావరకు వంశపారంపర్యంగా వచ్చేవి కావు. పుట్టుకతో ఉన్న జన్యు మార్పుతో ముడిపడినవి సుమారు 10 శాతం ఉంటాయని డాక్టర్లు చెబుతారు. ఏఎల్‌ఎల్‌లో ఎక్కువ భాగం, ఎముక మజ్జలో రక్తకణాలు విడిపోతూ పెరిగేటప్పుడు ఎక్కడో జరిగిన పొరపాటు వల్ల వస్తుంది. అందులో ఏ తాత చేసిన పాపమూ లేదు. చిన్నపిల్లలకు వచ్చే టైప్ 1 డయాబెటిస్ కూడా అంతే. ఒంట్లోని రక్షణ వ్యవస్థ పొరపాటున ఇన్సులిన్ తయారుచేసే కణాల మీదే దాడి చేయడం వల్ల అది వస్తుంది. "మీరే గారాబంతో తీపి తినిపించారు" అని ఎవరైనా అంటే ఆ మాటను చెవిన వేసుకోవద్దు.

తలసీమియా, సికిల్ సెల్ లాంటివి మాత్రం జన్యువుల ద్వారానే వస్తాయి. కానీ వాటి తీరు చూడండి. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు జన్యువులూ కలిస్తేనే పెద్ద జబ్బుగా మారుతుంది. తల్లిదండ్రులిద్దరూ ఆ జన్యువును మోస్తున్నవాళ్లయితే ప్రతి కాన్పులోనూ ఆ జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. అంటే వేలు చూపించాలంటే రెండు వైపులా చూపించాల్సిందే. పైగా మోసేవాళ్లకు సాధారణంగా ఏ ఇబ్బందీ ఉండదు, తమలో అది ఉన్నట్టే తెలియదు. తెలియని దానికి నేరం మోపడం ఏం న్యాయం?

అనుమానం పట్టి పీడిస్తుంటే జన్యు సలహాలిచ్చే డాక్టర్‌ని ఒకసారి కలవమని మీ పిల్లలకు చెప్పండి. గుసగుసలు పెట్టినవాళ్లతో వాదనకు దిగడం కన్నా అది నయం.

రాత్రి ఫోన్ మోగితే గుండె ఝల్లుమంటోంది. లేచి వెళ్లి పిల్ల ఊపిరి తీస్తోందో లేదో చూసొస్తున్నాను. ఇది జబ్బా?

నేనూ చూసేదాన్ని. పదిసార్లు చూసేదాన్ని. కీమో జరిగేటప్పుడు జ్వరం 38 డిగ్రీలు, అంటే 100.4 ఫారన్‌హీట్ దాటితే వెంటనే హాస్పిటల్‌కి తీసుకురావాలని చెప్పారు. చికిత్స అయిపోయి ఏడాది గడిచినా నా చేయి దాని నుదుటి మీదికి దానంతటదే పోయేది. ఒక రాత్రి అది కళ్లు తెరవకుండానే "అమ్మమ్మా, చల్లగానే ఉన్నాను, పడుకో" అంది.

మొదట్లో ఇలా ఉండటం మామూలే. కానీ నెల దాటినా హాస్పిటల్ దృశ్యాలు కళ్ల ముందు తిరుగుతుండటం, పీడకలలు, ఆ రోడ్డు మీదుగా వెళ్లాలంటేనే వెనకాడటం, చిన్న శబ్దానికే ఉలిక్కిపడటం... ఇవన్నీ కలిసి రోజువారీ పనులకు అడ్డొస్తుంటే డాక్టర్లు దాన్ని పీటీఎస్‌డీ అంటారు. యుద్ధాల నుంచి వచ్చిన సైనికులకే కాదు, కళ్ల ముందు పిల్ల ప్రాణం ఊగిసలాడటం చూసినవాళ్లకూ అది రావచ్చు. ఐసీయూలో పడుకున్న మనిషి కుటుంబసభ్యులకు తర్వాత నెలల తరబడి ఉండే గాభరా, నిద్రపట్టకపోవడం, కుంగుబాటు వీటన్నిటికీ కలిపి 2012 నుంచి వైద్యంలో ఒక ప్రత్యేకమైన పేరే ఉంది. పీటీఎస్‌డీకి మాటలతో చేసే చికిత్సలు ఉన్నాయి, పనిచేస్తాయి, మన వయసులో కూడా.

నా గోడు ఎవరితో చెప్పుకోను? అమ్మాయితో చెబితే దానికి ఇంకా భారం.

ఈ విషయంలో నేను గట్టి దెబ్బే తిన్నాను. చికిత్స మొదలైన రెండో నెలలో అమ్మాయి ముందు భోరుమన్నాను. అది నా వీపు నిమిరింది, మంచినీళ్లు తెచ్చింది. అంతా అయ్యాక నెమ్మదిగా అంది: "అమ్మా, నువ్వు ఏడిస్తే నేను నిన్ను కూడా చూసుకోవాలి. నా దగ్గర అంత ఓపిక లేదమ్మా." ఆ మాట ములుకులా గుచ్చుకుంది. పదిరోజులు ముభావంగా ఉన్నాను. తర్వాత ఆలోచిస్తే, అది తిట్టలేదు, నిజం చెప్పింది.

సూసన్ సిల్క్, బ్యారీ గోల్డ్‌మన్ అని ఇద్దరు 2013లో ఒక పత్రికలో ఒక తేలికైన పద్ధతి రాశారు. నీళ్లలో రాయి వేస్తే వలయాలు ఏర్పడతాయి కదా, అలా ఊహించుకోండి. నడిమధ్యలో జబ్బుపడిన పిల్ల. మొదటి వలయంలో అమ్మానాన్నలు. రెండో వలయంలో తోబుట్టువులు, మనం. ఆ తర్వాత దగ్గరి స్నేహితులు, ఇరుగుపొరుగు. మనకంటే లోపలి వలయంలో ఉన్నవాళ్లకు ఓదార్పు మాత్రమే ఇవ్వాలి. మన ఏడుపు, విసుగు, భయం మనకంటే బయటి వలయంలో ఉన్నవాళ్ల దగ్గర వెళ్లబోసుకోవాలి.

నాకు బయటి వలయంలో దొరికింది మా అక్క. దూరాన ఉంటుంది, రోజూ సాయంత్రం అరగంట ఫోన్. మొదటే ఒప్పందం చేసుకున్నాం, తను సలహాలు ఇవ్వకూడదు, "ఊ" కొట్టాలి. మీకు అక్కే ఉండాలని లేదు. చిన్ననాటి స్నేహితుడు కావచ్చు, పాత ఆఫీసులో పక్క కుర్చీవాడు కావచ్చు, కౌన్సెలర్ కావచ్చు. అదే దారిలో నడిచిన ఇంకొక తాతయ్యో నానమ్మో దొరికితే మరీ మంచిది, మొదటి నుంచీ చెప్పుకునే పని ఉండదు.

మా అమ్మాయి, నేను ఇప్పుడు కలిసి ఏడుస్తాం, అప్పుడప్పుడు. అది వేరే. ఇప్పుడు దానికి ఓపిక ఉంది.

ఎవరితోనూ చెప్పుకోలేని స్వభావం నాది. మరి?

కాగితంతో చెప్పండి. జేమ్స్ పెన్నెబేకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1980లలో ఒక పద్ధతిని పరీక్షించాడు. మనసును కలచివేసిన సంగతిని వరసగా మూడు నాలుగు రోజులు, రోజుకు 15 లేదా 20 నిమిషాలు, వ్యాకరణం, దస్తూరీ పట్టించుకోకుండా రాయడం. రాశాక చింపేసినా ఫర్వాలేదు. రాసిన వెంటనే మనసు ఇంకాస్త బరువెక్కుతుంది, మర్నాటికి తేలికపడుతుంది. అందరికీ ఒకేలా పనిచేయదు. రాస్తూంటే మరీ ఊపిరాడనట్టు ఉంటే ఆపేయండి.

మావారు నోరు విప్పరు. అసలు ఆయనకు బాధ ఉందా?

ఉంటుంది. నోటికి బదులు చేతుల్లో ఉంటుంది. మావారు ఆ రెండున్నరేళ్లలో ఇంట్లో ఉన్న ప్రతి తలుపు బందుకూ నూనె పెట్టారు, బాగున్నవాటికి కూడా. పిల్ల రిపోర్టులన్నీ తేదీల ప్రకారం ఫైలు చేసి, తెల్లరక్తకణాల లెక్క ప్రతివారం గ్రాఫు కాగితం మీద గీసేవారు. ఆ గ్రాఫు గీసేటప్పుడు మాత్రం పెన్సిలు ముక్కు రెండు మూడుసార్లు విరిగేది.

"మీ మనసులో ఏముందో చెప్పండి" అని ఎదురుగా కూర్చుని నిలదీస్తే మగవాళ్లు ఇంకా ముడుచుకుపోతారు. పక్కపక్కన నడుస్తున్నప్పుడో, ఏదైనా పని చేస్తున్నప్పుడో మాట దొర్లుతుంది. ఒక్కటి మాత్రం కనిపెట్టి ఉండండి. మాటలేకపోవడానికి తోడు తిండి మానేయడం, చీటికీ మాటికీ విరుచుకుపడటం, తాగుడు పెరగడం కనిపిస్తే అది స్వభావం అని వదిలేయకండి.

మాకు ఏమీ సరిగ్గా చెప్పరు. తలుపు వేసుకుని మాట్లాడుకుంటారు.

బాధగానే ఉంటుంది. రెండు కారణాలు ఉండొచ్చు. మీరు తట్టుకోలేరని దాచడం ఒకటి. ఒకే వార్తను పదిమందికి చెప్పి చెప్పి అలిసిపోవడం రెండోది. "నాకెందుకు చెప్పలేదు?" అని అడిగే బదులు "వారానికి ఒకసారి, నీకు వీలైనప్పుడు, ఐదు నిమిషాలు చెప్పు చాలు. మిగతా బంధువులకు నేను చెబుతాను" అని చూడండి. బంధువుల ఫోన్ల బెడద తప్పుతుంది కాబట్టి వాళ్లు ఎగిరి గంతేస్తారు. డాక్టర్‌ని మీరు నేరుగా అడగాలంటే తల్లిదండ్రుల అనుమతి తీసుకోండి. పిల్ల వివరాలు వాళ్లు ఒప్పుకుంటేనే చెబుతారు, అది హాస్పిటల్‌వాళ్ల పొగరు కాదు.

సాయం చేద్దామంటే "ఏమీ వద్దులే" అంటారు. ఏం చేయాలి?

"ఏమైనా కావాలంటే చెప్పు" అనే మాట ఆపేయండి. కావలసింది ఏమిటో ఆలోచించి చెప్పే తీరిక కూడా వాళ్లకు లేదు. "మంగళవారం, శుక్రవారం బాబును స్కూలు నుంచి నేను తీసుకొస్తాను" అనండి, చేయండి. అలాగే చేయలేనిది ముందే చెప్పేయండి. మోకాళ్లు పట్టేసినా రాత్రంతా హాస్పిటల్లో కూర్చుని, తర్వాత వారం మంచం పట్టిన ఒక తాతయ్య నాకు తెలుసు. వాళ్లింట్లో రోగులు ఇద్దరయ్యారు.

జబ్బుపడిన పిల్లకు అన్న ఉన్నాడు. వాడు మారిపోయాడు.

ఇక్కడ మనకు మించినవాళ్లు లేరు. ఇంట్లో అందరి కళ్లూ ఒక పిల్ల మీదే ఉన్నప్పుడు రెండోవాడు కనిపించకుండా పోతాడు. కొంతమంది అల్లరి పెంచుతారు. కొంతమంది మరీ బుద్ధిమంతులైపోతారు. నాకు ఆ బుద్ధిమంతులను చూస్తేనే భయం. చెల్లికి జబ్బు రావడం తను కొట్టడం వల్లేనని మావాడు ఏడాదిపాటు మనసులో పెట్టుకున్నాడు. ఒకరోజు చెస్ ఆడుతూ, గుర్రాన్ని కదిపి, తల ఎత్తకుండా అడిగాడు: "తల మీద కొడితే క్యాన్సర్ వస్తుందా?" రాదని చెప్పాను, ఎందుకు రాదో కూడా చెప్పాను. వాడు ఆట గెలిచాడు. నేను ఓడిపోయింది కళ్లు మసకబారి.

వాడికంటూ రోజులో కాసేపు ఇవ్వండి. ఆ సమయంలో జబ్బు మాట మీరు ఎత్తకండి, వాడు ఎత్తితే మాత్రం దాటేయకండి.

పిల్లను పరిగెత్తనివ్వాలన్నా భయం. కోడలు "మీరు అతి చేస్తున్నారు" అంటోంది.

కోడలు చెప్పింది నిజమే అయ్యుండొచ్చు. ఏం చేయొచ్చు, ఏం చేయకూడదు అని చికిత్స చేసిన డాక్టర్ దగ్గర రాయించుకోండి. కాగితం మీద "ఆడుకోవచ్చు" అని ఉంటే మన గుండె ఎంత కొట్టుకున్నా ఆడనివ్వాలి. మనం గాభరాగా చూస్తుంటే పిల్ల తన ఒంట్లో ఇంకా ఏదో పాడైందని అనుకుంటుంది. నేను మొదట్లో అది సైకిల్ తొక్కుతుంటే లోపలికి వెళ్లిపోయేదాన్ని. చూడకపోతే అరవను కదా.

గారాబం సంగతి కూడా ఇంతే. అడిగిందల్లా చేతిలో పెట్టడం, తప్పు చేసినా వెనకేసుకురావడం చేస్తే పిల్లకు పాత రోజులు తిరిగొచ్చినట్టు అనిపించదు. మా మనవరాలిని చికిత్స అయ్యాక మొదటిసారి గట్టిగా కేకలేసినప్పుడు, అది మూతి ముడుచుకుంది గానీ ముఖంలో ఏదో తృప్తి కూడా కనిపించింది. నా ఊహే కావచ్చు.

తగ్గింది గానీ పిల్ల మునుపటిలా లేదు. ప్రాణం దక్కిందిగా అని అందరూ అంటారు. నాకు ఆ పాత పిల్ల కావాలి.

మెదడు వాపు వచ్చి మాట తడబడే పిల్లలు, చెవుడు వచ్చినవాళ్లు, నడక మారినవాళ్లు, స్వభావమే మారినవాళ్లు ఉంటారు. మనిషి ఎదురుగానే ఉన్నా, ఒకప్పటి మనిషి లేకపోవడం. పాలీన్ బాస్ అనే పరిశోధకురాలు 1970ల నుంచి ఇలాంటి తెగని నష్టాల మీదే పనిచేశారు. పోయిందని ఏడవడానికి లేదు, ఉందని సంబరపడటానికీ లేదు. ఆమె చెప్పేదాంట్లో నాకు నచ్చింది ఒకటే, రెండు మాటలూ నిజమేనని ఒప్పుకోవచ్చు. "అది బతికినందుకు సంతోషం. గలగలా మాట్లాడే ఆ గొంతు కోసం బెంగ." ఒకదాన్ని నోరు నొక్కి రెండోదాన్నే పలకాల్సిన అవసరం లేదు. పాత వీడియోలు చూడాలనిపిస్తే చూడండి, ఏడుపొస్తే ఏడవండి. పిల్ల పక్కన ఉన్నప్పుడు మాత్రం వద్దు, తను ఓడిపోయినట్టు అనుకుంటుంది.

వియ్యపురాలు చాలా ధైర్యంగా ఉంది. నేనే ఇలా.

ఆవిడ రాత్రిపూట ఎలా ఉంటుందో మీకు తెలీదు. అడిగి చూడండి, మంచి స్నేహం దొరకొచ్చు.

మేం దూరంలో ఉన్నాం. పక్కన లేకపోయామన్న బాధ తొలిచేస్తోంది.

దూరంగా ఉన్నవాళ్ల ఊహలు నిజానికంటే భయంకరంగా ఉంటాయి. వీడియో కాల్ రోజూ ఒకే టైముకి పెట్టుకోండి, పిల్లతో జబ్బు గురించి కాకుండా ఏదో ఒక ఆటో, సీరియల్లా సాగే కథో నడపండి. ఒక తాతయ్య రోజుకో పొడుపుకథ పంపేవారు, జవాబు మర్నాడు చెప్పేవారు. ఆ పిల్లాడు పొద్దున్నే లేవగానే జవాబు అడిగేవాడు. పక్కన కూర్చున్న మేమెవరమూ వాడిని అంత తొందరగా లేపలేకపోయాం.

నాకు దిగులేమీ లేదు. ఒళ్లు నొప్పులు, ఆకలి లేకపోవడం, నీరసం, అంతే.

మన వయసులో దిగులు చాలాసార్లు ఒంట్లోంచే మాట్లాడుతుంది. నొప్పులు, అరగకపోవడం, తెల్లవారుజామున మూడింటికే మెలకువ రావడం, దేని మీదా ఆసక్తి లేకపోవడం. కొందరికి మతిమరుపు కూడా వస్తుంది, ఇంట్లోవాళ్లు అల్జీమర్స్ అని కంగారుపడతారు. అది కుంగుబాటు వల్ల వచ్చిన మతిమరుపైతే చికిత్సతో బాగుపడే అవకాశం ఉంది. ఏదో తేల్చాల్సింది డాక్టరే. పెద్దవాళ్ల కోసమే తయారుచేసిన 15 ప్రశ్నల పత్రం ఒకటి 1986 నుంచి వాడుకలో ఉంది, అవును, కాదు అని చెబితే చాలు. ఐదారు నిమిషాల పని.

ఇంకొకటి. పిల్ల మందుల వేళలు గంట కొట్టినట్టు గుర్తుంచుకుంటూ సొంత బీపీ మాత్రలు మరిచిపోయిన పెద్దవాళ్లు ఎంతమందో. వాయిదా వేసుకున్న కంటి ఆపరేషన్, చూపించుకోని షుగర్... ఇప్పుడు వాటి వంతు.

గుండె నొప్పి వస్తే మాత్రం "టెన్షన్ వల్లేలే" అని పడుకోకండి, వెంటనే హాస్పిటల్‌కి వెళ్లండి. తీవ్రమైన మనోవ్యథ వల్ల గుండె కండరం ఉన్నట్టుండి బలహీనపడే జబ్బు ఒకటి ఉంది. 1990లో జపాన్ డాక్టర్లు దాన్ని గుర్తించి, గుండె ఆకారం అక్కడ ఆక్టోపస్‌లను పట్టే కుండలా ఉబ్బుతుందని ఆ కుండ పేరే, టకోట్సుబో అని పెట్టారు. నెలసరి ఆగిన ఆడవాళ్లలోనే ఎక్కువ. లక్షణాలు అచ్చం గుండెపోటులానే ఉంటాయి. తేడా పరీక్షల్లోనే తెలుస్తుంది. ఎక్కువమంది కోలుకుంటారు.

నిద్రమాత్ర వేసుకోవచ్చా? పక్కింటివాళ్ల దగ్గర ఉన్నాయి.

వద్దు. పక్కింటివాళ్లవి అసలే వద్దు. నిద్రకూ గాభరాకూ వాడే కొన్ని మందులు పెద్దవాళ్లలో తూలిపడటానికి, అయోమయానికి దారితీస్తాయి. వయసు మీరినవాళ్లకు ఏ మందులు తగవో చెప్పే బీర్స్ జాబితా 1991 నుంచి ఉంది, అందులో ఈ రకాలు ఉన్నాయి. అలర్జీ మాత్రతో నిద్రపోదామనుకునేవాళ్లకు కూడా ఇదే హెచ్చరిక. కుంగుబాటుకు డాక్టర్ రాసే మందుల సంగతి వేరు. అవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, నాలుగు రోజులు వేసుకుని "ఏమీ లాభం లేదు" అని ఆపేయకూడదు. ఇప్పటికే వాడుతున్న మందులన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లి చూపించండి.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి?

దిగులు, లేదా దేని మీదా మనసు పోకపోవడం రెండు వారాలకు పైగా దాదాపు రోజంతా ఉంటుంటే వెళ్లండి. మామూలుగా చూపించుకునే డాక్టర్‌తోనే మొదలుపెట్టొచ్చు.

బతకాలని లేదు, నేను లేకపోతే అందరికీ హాయి అన్న ఆలోచనలు వస్తుంటే రెండు వారాలు ఆగొద్దు. ఆ రోజే, ఆ గంటే ఇంట్లో ఒకరికి చెప్పండి, ఒంటరిగా ఉండకండి, దగ్గరలోని ఎమర్జెన్సీకో హెల్ప్‌లైన్‌కో ఫోన్ చేయండి. మందులు, ప్రమాదకరమైనవి చేతికి అందకుండా వేరేవాళ్ల దగ్గర ఉంచండి. ఇంట్లో పెద్దాయనో పెద్దావిడో ఇలా అంటే "ఛ, అవేం మాటలు" అని నోరు మూయించకుండా "ఎప్పట్నుంచి అనిపిస్తోంది?" అని అడగండి. అడిగితే ఆలోచన కొత్తగా పుట్టదు.

దేవుణ్ణి నమ్మబుద్ధి కావడం లేదు.

కొందరికి నమ్మకం గట్టిపడుతుంది, కొందరికి సడలుతుంది. రెండూ చూశాను. నేను ఏడాదిపాటు ఆయనతో మాట్లాడలేదు. ఈ విషయంలో ఎవరైనా మీకు సలహా ఇవ్వబోతే మర్యాదగా మాట మార్చేయండి. నేనూ ఇవ్వను.

చెకప్ దగ్గరపడుతుంటే వారం ముందు నుంచే ఇల్లంతా చిటపటలు.

ప్రతి ఇంట్లోనూ ఇంతే. ఏఎల్‌ఎల్ మళ్లీ తిరగబెడితే ఎక్కువగా మొదటి కొన్నేళ్లలోనే తిరగబెడుతుంది కాబట్టి ఏళ్లు గడిచేకొద్దీ డాక్టర్లు చెకప్‌ల మధ్య గడువు పెంచుతూ పోతారు. గడువు పెరిగిందంటే వదిలేశారని కాదు, అది మంచి కబురు. ఆ వారం పెద్ద నిర్ణయాలు, పాత గొడవలు పెట్టుకోకండి. రిపోర్టు వచ్చేదాకా చేతికి ఏదో ఒక పని ఉండాలి. మావారికి తలుపు బందులున్నాయి.

జబ్బు గురించి పిల్ల నన్నే అడిగితే ఏం చెప్పాలి?

అమ్మానాన్నలు ఇప్పటికే ఏం చెప్పారో తెలుసుకుని, దానికి విరుద్ధంగా చెప్పకండి. "నేను చచ్చిపోతానా?" అంటే "ఛీ, అలా అనకూడదు" అనొద్దు. "ఎందుకలా అనిపించింది?" అని ముందు అడగండి. ఒక్కోసారి వాళ్లు అడుగుతున్నది మనం భయపడ్డదాని గురించి కానే కాదు. రేపు సూది ఉందా అన్నదే కావచ్చు. తెలిసింది నిజం చెప్పండి, తెలియనిది అమ్మను కలిసి అడుగుదాం అనండి.

మొన్నీమధ్య జడ వేస్తుంటే అద్దంలోంచి నన్ను చూస్తూ అడిగింది.

"అమ్మమ్మా, అప్పుడు నువ్వు భయపడ్డావా?"

"భయపడ్డానే."

"చాలా?"

"చాలా."

"మరి నాకు చెప్పలేదేం? నేనొక్కదాన్నే అనుకున్నాను" అంది. రిబ్బను ముడి బిగిసిందో లేదో చేత్తో తడిమి చూసుకుని, ఒకటి వదులుగా ఉందని మళ్లీ వేయమంది.